పాఠం 9: మాటలు రాకముందే సంజ్ఞలు: శిశువులకు సంజ్ఞా భాష నేర్పడం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• సైగ, శిశు సంజ్ఞ, సంజ్ఞా భాష అనే మూడింటి మధ్య తేడా
• మాట కంటే ముందే సంజ్ఞ ఎందుకు సాధ్యమవుతుందో
• వినికిడి ఉన్న శిశువులకు సంజ్ఞలు నేర్పడం వల్ల కలిగే ప్రయోజనం, దాని పరిమితులు
• వినికిడి లోపం గల శిశువుకు సంజ్ఞా భాష ఎందుకు అవసరమో
• ఇంట్లో సంజ్ఞలు నేర్పే పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు

9.1 ప్రవేశిక

పది నెలల పాప ఏడుస్తున్నదనుకోండి. తల్లి పాలు పడుతుంది, తాగదు. బొమ్మ ఇస్తుంది, విసిరేస్తుంది. ఎత్తుకుంటే జారిపోతూ ఇంకా గట్టిగా ఏడుస్తుంది. తనకు ఏం కావాలో పాపకు తెలుసు. దాన్ని చెప్పే మాట మాత్రం ఇంకా నోటికి రాలేదు.

పిల్లలు సాధారణంగా ఏడాది నిండే సమయానికి అటూ ఇటూగా తొలి మాట పలుకుతారు. అంతకు కొన్ని నెలల ముందు నుంచే వారు ఎన్నో మాటలను అర్థం చేసుకుంటూ ఉంటారు. "నాన్న ఏడీ?" అంటే అటు తిరిగి చూస్తారు. "బువ్వ" అనగానే నోరు తెరుస్తారు. అర్థం కావడానికీ, పలకగలగడానికీ మధ్య ఉన్న ఈ విరామంలో చేతి సంజ్ఞలు ఉపయోగపడతాయన్న ఆలోచన 1980ల నుంచి అమెరికాలో బలపడింది. తర్వాత ఇతర దేశాలకూ వ్యాపించింది.

ఈ పాఠంలో ఆ ఆలోచన ఎలా పుట్టిందో, పరిశోధనలు దాని గురించి ఏం తేల్చాయో తెలుసుకుందాం. ఒక విషయాన్ని మాత్రం మొదట్లోనే గుర్తుంచుకోండి. వినగలిగే శిశువుకు సంజ్ఞ ఒక సౌకర్యం. వినలేని శిశువుకు అదే భాష. ఈ తేడా తెలియనందువల్ల ఒక విచిత్రం జరుగుతూ ఉంటుంది. మాటలు ఎలాగూ వచ్చే బిడ్డకు సంజ్ఞలను ఉత్సాహంగా నేర్పుతారు. వాటి అవసరం నిజంగా ఉన్న బిడ్డ దగ్గరకు వచ్చేసరికి "సైగలు చేస్తే మాటలు రావు" అని వారిస్తారు. ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఈ వైరుధ్యాన్ని దృష్టిలో ఉంచుకోండి.

9.2 సైగ, శిశు సంజ్ఞ, సంజ్ఞా భాష

వాడుకలో ఈ మూడింటినీ ఒకటిగానే భావిస్తారు. వీటిని విడివిడిగా గుర్తించడం అవసరం.

సైగ: అర్థాన్ని తెలిపే చేతి కదలిక లేదా ముఖ కదలిక. "జేజ పెట్టు" అంటే శిశువు చేతులు జోడించడం, "టాటా చెప్పు" అంటే చేయి ఊపడం, వద్దనుకుంటే తల అడ్డంగా తిప్పడం, కావలసినదాన్ని వేలితో చూపడం ఇందుకు ఉదాహరణలు. తెలుగు ఇళ్లలో వీటిని నేర్పడాన్ని ఎవరూ శిక్షణ అనుకోరు. కానీ పెద్దలు అక్కడ చేస్తున్నది శిక్షణే. ఒక కదలికకు ఒక మాటను జతచేస్తారు. సందర్భం వచ్చినప్పుడల్లా తాము చేసి చూపిస్తారు. బిడ్డ చేయగానే మురిసిపోతారు. సంజ్ఞలు నేర్పే పద్ధతి మొత్తం ఇందులోనే ఇమిడి ఉంది.

శిశు సంజ్ఞ: రోజువారీ అవసరాలకోసం పెద్దలు ఉద్దేశపూర్వకంగా నేర్పే సంజ్ఞ. పాలు, నీళ్లు, ఇంకా, చాలు, నొప్పి వంటి వాటికి ఒక్కో సంజ్ఞ ఉంటుంది. కొన్ని కుటుంబాలు వీటిని సొంతంగా కల్పించుకుంటాయి. కొన్ని కుటుంబాలు ఏదో ఒక సంజ్ఞా భాష నుంచి తీసుకుంటాయి. ఇవి విడి పదాలు మాత్రమే. వీటికి వ్యాకరణం ఉండదు.

సంజ్ఞా భాష: బధిర సమాజాలలో సహజంగా రూపుదిద్దుకున్న సంపూర్ణ భాష. దీనికి పదసంపద, వ్యాకరణం, వాక్యనిర్మాణం అన్నీ ఉంటాయి. అమెరికాలోని గాలడెట్ కళాశాలలో పనిచేసిన విలియం స్టోకీ 1960లో ప్రచురించిన రచనలో సంజ్ఞను విశ్లేషించి చూపాడు. చేతి ఆకారం, చేతి స్థానం, కదలిక అనే అంశాల కలయికతో సంజ్ఞ ఏర్పడుతుందని ఆయన నిరూపించాడు. మాట్లాడే భాషలో ధ్వనులు కలిసి పదం ఏర్పడినట్టే ఇదీ జరుగుతుంది. అరచేయి తిరిగి ఉన్న దిశకు, ముఖ కవళికలకు ఉన్న ప్రాధాన్యాన్ని తర్వాతి పరిశోధకులు వివరించారు.

ప్రపంచమంతటికీ ఒకే సంజ్ఞా భాష లేదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా ఆ రెండు దేశాల సంజ్ఞా భాషలు పూర్తిగా వేరు. భారతీయ సంజ్ఞా భాష కూడా తెలుగుకో హిందీకో చేతి రూపం కాదు. దానికి తనదైన వ్యాకరణం ఉంది. ఉదాహరణకు, అందులో ప్రశ్నార్థక పదం సాధారణంగా వాక్యం చివర వస్తుంది.

9.3 నోటి కంటే చేయి ఎందుకు ముందు?

ఒక్క మాట పలకాలంటే ఊపిరి, స్వరతంత్రులు, నాలుక, పెదవులు, దవడ అన్నీ క్షణంలో వెయ్యోవంతు తేడాలతో కలిసి పనిచేయాలి. శిశువు నోటి నిర్మాణం కూడా పెద్దల నోటిలా ఉండదు. పైగా పలికేటప్పుడు నాలుక లోపల ఏం చేస్తున్నదో బిడ్డకు కనిపించదు.

చేతి విషయం వేరు. పెద్దల చేయి ఎలా కదులుతున్నదో బిడ్డ చూడగలదు. తన చేతినీ చూసుకోగలదు. అవసరమైతే మనం సాయం చేయవచ్చు. బిడ్డ నాలుక పట్టుకొని "ప" అని పలికించలేం గాని, చేయి పట్టుకొని టాటా చెప్పించగలం కదా! సాధారణంగా 9 నుంచి 12 నెలల మధ్య పిల్లలు వేలితో చూపించడం మొదలుపెడతారు. అంటే ఒక వస్తువుపైకి ఎదుటివారి దృష్టిని మళ్లించవచ్చని వారికి అప్పటికే తెలిసిపోతుంది. భాషకు పునాది ఈ తెలివిడే.

ఈ విషయంలో రెండు పరిశోధనలను మీరు గుర్తుంచుకోవాలి. లారా ఆన్ పెటిట్టో, పౌలా మారంటెట్ 1991లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన మొదటిది. పుట్టినప్పటి నుంచి సంజ్ఞా భాషను చూస్తూ పెరిగిన బధిర శిశువులు చేతులతో "ముద్దు పలుకులు" పలుకుతారని వారు గమనించారు. వినగలిగే శిశువు "బబబ", "దదద" అన్నట్టే, ఈ శిశువులు సంజ్ఞా భాషలోని చేతి ఆకారాలను అర్థం లేకుండా పదేపదే చేస్తారు. మెదడుకు కావలసింది భాష. అది చెవి ద్వారా వచ్చినా, కంటి ద్వారా వచ్చినా మెదడు స్వీకరిస్తుంది.

జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో ప్రచురించినది రెండోది. వారు పదిమంది పిల్లలను, ఒక మాట దశ నుంచి రెండు మాటల దశ వరకు పరిశీలించారు. పిల్లలు మొదట సైగతో సూచించిన వస్తువుల పేర్లు తర్వాత వారి మాటల్లోకి వచ్చాయి. ఒక మాటకు ఒక సైగను జతచేయగలిగిన తర్వాతే రెండు మాటలను జతచేయగలిగారు. సైగ మాటకు అడ్డుపడదు, దారి వేస్తుంది అని దీనివల్ల తెలుస్తున్నది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. శిశు సంజ్ఞకూ, సంజ్ఞా భాషకూ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. "చేతులతో ముద్దు పలుకులు" అంటే ఏమిటి?

9.4 శిశు సంజ్ఞల ఉద్యమం

అమెరికాలో సంజ్ఞా భాష అనువాదకుడిగా పనిచేసిన జోసెఫ్ గార్సియా ఒక విషయాన్ని గమనించాడు. బధిర తల్లిదండ్రులకు పుట్టిన, వినికిడి ఉన్న పిల్లలు మాటలు రాకముందే సంజ్ఞలతో తమ అవసరాలు చెప్పగలుగుతున్నారు. మిగతా కుటుంబాలు కూడా ఇలా నేర్పవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. ఆయన అమెరికన్ సంజ్ఞా భాషలోని సంజ్ఞలనే నేర్పాలని సూచించాడు.

దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని లిండా అక్రెడోలో, ఆమె సహ పరిశోధకురాలు సూసన్ గుడ్‌విన్ మరో దారిలో ఇక్కడికే వచ్చారు. అక్రెడోలో కూతురు పువ్వు కనిపించినప్పుడల్లా వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీల్చేది. ఆ సైగ ఎవరూ పనిగట్టుకొని నేర్పినది కాదు. పిల్లలు తమంతట తామే ఇలాంటి గుర్తులు కల్పించుకుంటున్నారని ఈ ఇద్దరు పరిశోధకులు 1980లలో వివరించారు. తర్వాత 1996లో తల్లిదండ్రులకోసం ఒక పుస్తకం ప్రచురించారు. శిక్షణ కార్యక్రమాలూ రూపొందించారు. క్రమంగా పుస్తకాలు, వీడియోలు, తరగతులతో ఇది ఒక వ్యాపారంగా కూడా ఎదిగింది. వాటి ప్రచారంలో "తెలివి పెరుగుతుంది", "త్వరగా మాటలు వస్తాయి" వంటి వాగ్దానాలు చేరాయి.

9.5 పరిశోధనలు ఏం తేల్చాయి?

గుడ్‌విన్, అక్రెడోలో, బ్రౌన్ కలిసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో 11 నెలల వయసు నుంచి 103 మంది శిశువులను పరిశీలించారు. సంజ్ఞలు నేర్చుకున్న పిల్లలు చాలా భాషా పరీక్షల్లో కొంత ముందున్నారని ఫలితం వచ్చింది. సంజ్ఞల వల్ల మాటలు ఆలస్యం కాలేదన్నది ఇందులో తేలిన ముఖ్యాంశం.

అయితే కెనడా పరిశోధకులు 2005లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ సమీక్షించారు. చాలా అధ్యయనాల్లో పద్ధతిపరమైన లోపాలున్నాయని, భాషాభివృద్ధి వేగవంతమవుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. సంజ్ఞలు నేర్పాలని శ్రద్ధపెట్టే తల్లిదండ్రులు మామూలుగానే పిల్లలతో ఎక్కువ మాట్లాడతారు. అలాంటప్పుడు ఫలితం సంజ్ఞ వల్ల వచ్చిందో, మాటల వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. మీరు పరిశోధనా పద్ధతుల గురించి చదివేటప్పుడు ఈ ఉదాహరణను గుర్తుచేసుకోండి.

ఈ సందేహాన్ని తీర్చడానికి బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ కర్క్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 40 మంది శిశువులను, వారి తల్లులను వేర్వేరు బృందాలుగా విభజించి, శిశువుల వయసు 8 నెలల నుంచి 20 నెలలు వచ్చేవరకు పరిశీలించారు. సంజ్ఞలు నేర్చుకున్న పిల్లలకు మాటలు ముందుగా రాలేదు, ఆలస్యంగానూ రాలేదు. కానీ తల్లుల్లో మార్పు కనిపించింది. సంజ్ఞలు నేర్పిన తల్లులు బిడ్డ చూపును, చేతి కదలికను మరింత జాగ్రత్తగా గమనించారు. బిడ్డ మనసులో ఏముందో ఆలోచించి స్పందించారు.

ఈ ఫలితాలను కలిపి చూస్తే వినికిడి ఉన్న శిశువు విషయంలో మూడు నిర్ణయాలకు రావచ్చు. ఒకటి, సంజ్ఞల వల్ల మాటలకు హాని లేదు. రెండు, తెలివో మాటలో పెరుగుతాయన్న వాగ్దానాన్ని నమ్మనవసరం లేదు. మూడు, బిడ్డ అవసరం పెద్దలకు తెలియడానికీ, పెద్దల దృష్టి బిడ్డపై నిలవడానికీ ఇది మంచి సాధనం. నేర్పని తల్లిదండ్రులు ఏదో కోల్పోయామని బాధపడవలసిన పని లేదు.

9.6 వినికిడి లోపం గల శిశువు

వినగలిగే శిశువు నిద్రలేచింది మొదలు భాషలో తడుస్తూనే ఉంటుంది. పక్కగదిలో అమ్మమ్మ మాట్లాడేదీ, వీధిలో కూరగాయల కేకా ఆ చెవిన పడుతూనే ఉంటాయి. వినలేని శిశువుకు ఇవేవీ అందవు. తొలి సంవత్సరాల్లో ఏ భాషా పూర్తిగా అందకపోతే, తర్వాత నేర్చుకునే భాషలన్నిటికీ పునాది బలహీనపడుతుంది. చదువు, ఆలోచనను వ్యక్తం చేయడం, కుటుంబ సంబంధాలు అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి.

అమెరికా గణాంకాల ప్రకారం బధిర పిల్లల్లో 90 శాతానికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. కాబట్టి బిడ్డ పుట్టేనాటికి ఆ ఇంట్లో ఎవరికీ సంజ్ఞా భాష తెలిసి ఉండదు. పైగా లోపం ఉన్నట్టు త్వరగా బయటపడదు. బధిర శిశువులు కూడా మొదటి నెలల్లో ఏడుస్తారు, నవ్వుతారు, "ఊ", "ఆ" అని ధ్వనులు చేస్తారు. "బబబ" వంటి స్పష్టమైన అక్షరాల పలుకులు ఆలస్యం కావడం తొలి సూచనల్లో ఒకటి.

అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సహాయం అనే 1-3-6 నియమాన్ని నిపుణులు సూచిస్తారు. క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం అమెరికాలోని కొలరాడోలో 150 మంది పిల్లలపై చేసిన పరిశోధన 1998లో ప్రచురితమైంది. ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించిన పిల్లల భాష, ఆలస్యంగా గుర్తించినవారి కంటే స్పష్టంగా మెరుగ్గా ఉందని అందులో తేలింది. మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడును గుర్తించడం కూడా ఒక అంశం.

ఇక్కడే కుటుంబాలకు ఒక చిక్కు ఎదురవుతుంది. వినికిడి యంత్రం పెట్టించాలా, కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేయించాలా, సంజ్ఞా భాష నేర్పాలా? వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే మరొకటి వదులుకోవాలని చాలామంది అనుకుంటారు. ఈ భావనకు చారిత్రక కారణం ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ, సంజ్ఞల కంటే నోటిమాట పద్ధతే మేలని తీర్మానించింది. తర్వాత ఎన్నో దేశాల పాఠశాలల్లో సంజ్ఞలను నిషేధించారు. 130 ఏళ్ల తర్వాత, 2010లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమైన అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి, వాటివల్ల జరిగిన నష్టానికి విచారం తెలిపింది.

ఇటీవలి పరిశోధనలు కూడా భయం అవసరం లేదనే చెబుతున్నాయి. పుట్టినప్పటి నుంచి సంజ్ఞా భాష వాడుతూ, కాక్లియర్ ఇంప్లాంట్ కూడా పొందిన పిల్లలపై 2014లో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. వారి మాట్లాడే ఇంగ్లీషు, బధిర కుటుంబాల్లో పెరిగిన వినికిడి ఉన్న పిల్లల స్థాయికి తగ్గలేదు. నయోమీ కసెల్లి బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం మరో సందేహాన్ని తీర్చింది. తల్లిదండ్రులు వినికిడి ఉన్నవారైనా, సంజ్ఞా భాషను అప్పుడే నేర్చుకుంటున్నవారైనా, ఆరు నెలలలోపు ఆ భాష అందిన బధిర పిల్లల పదసంపద వయసుకు తగినట్టే పెరిగింది. తల్లికి పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కరలేదు, బిడ్డతో కలిసి నేర్చుకోవచ్చు.

యంత్రం అమర్చేవరకు, శస్త్రచికిత్స జరిగేవరకు, ఆ తర్వాత చెవి ధ్వనులకు అలవాటుపడేవరకు నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో బిడ్డ మెదడు ఆగి ఉండదు. అప్పటికప్పుడు అందగల భాష సంజ్ఞా భాష. అయితే ఇక్కడ పది పన్నెండు శిశు సంజ్ఞలు సరిపోవని గమనించండి. ఈ బిడ్డకు కథ చెప్పాలి, ప్రశ్న వేయాలి, మందలించాలి, లాలించాలి. అందుకు వ్యాకరణం ఉన్న పూర్తి భాష కావాలి. వీలైతే సంజ్ఞా భాష బాగా వచ్చిన బధిర పెద్దల సాంగత్యం కావాలి.

మన దేశంలో ఇందుకు కొన్ని వనరులున్నాయి. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో న్యూఢిల్లీలో ఏర్పడింది. అది 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువును వెలువరించింది. 2021 నాటి మూడో కూర్పులో పదాల సంఖ్య 10,000కు చేరింది. అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 భావప్రసార సాధనాల్లో సంజ్ఞా భాషను పేర్కొన్నది. జాతీయ విద్యా విధానం 2020 భారతీయ సంజ్ఞా భాషను దేశవ్యాప్తంగా ప్రామాణీకరించాలని చెప్పింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. 2013 నాటి బ్రిటన్ ప్రయోగంలో మార్పు ఎవరిలో కనిపించింది? అది ఎలాంటి మార్పు?
2. 1-3-6 నియమం అంటే ఏమిటి?

9.7 ఇంట్లో నేర్పే పద్ధతి

వినికిడి ఉన్న శిశువుకు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో సంజ్ఞలు చూపడం మొదలుపెట్టవచ్చు. బిడ్డ తిరిగి చేయడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. కింది క్రమాన్ని పాటించండి.

1. రెండు మూడు సంజ్ఞలతోనే ప్రారంభించండి. బిడ్డకు రోజూ పనికివచ్చే పాలు, ఇంకా, చాలు వంటివి ఎంచుకోండి. అమెరికన్ సంజ్ఞా భాషలో "పాలు"కు పిడికిలిని మూస్తూ తెరుస్తారు. "ఇంకా" అనడానికి రెండు చేతుల వేళ్ల కొసలను ఒకచోట చేర్చి తాకిస్తారు. భారతీయ సంజ్ఞల కోసం పైన చెప్పిన వీడియో నిఘంటువును చూడండి.
2. సంజ్ఞతోపాటు మాట తప్పక పలకండి. "పాలు తాగుతావా?" అంటూ "పాలు" దగ్గర సంజ్ఞ చేయండి.
3. బిడ్డ మీ ముఖం చూస్తున్నప్పుడు, ఆ వస్తువు ఎదుట ఉన్నప్పుడు చూపండి.
4. ఇంట్లో అందరూ ఒకే సంజ్ఞ వాడాలి. తాతయ్య ఒకలా, ఆయా ఒకలా చూపితే బిడ్డ తికమకపడుతుంది.
5. బిడ్డ చేసే సంజ్ఞ అచ్చంగా మీలా ఉండదు. "చెంచా"ను "తంతా" అన్నప్పుడు అర్థం చేసుకున్నట్టే దీన్నీ అర్థం చేసుకొని స్పందించండి.

9.8 జాగ్రత్తలు

సంజ్ఞ చేస్తేనే పాలిస్తానని బిడ్డను నిలబెట్టకూడదు. అలా చేస్తే సంజ్ఞ పరీక్ష అవుతుంది. వీడియో ముందు కూర్చోబెట్టడం వల్ల ఇది రాదు. ముఖాముఖి మాటామంతీలోనే వస్తుంది. వచ్చిన బంధువుల ముందు ప్రదర్శన చేయించడం కూడా మంచిది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాది నిండినా వేలితో చూపకపోయినా, "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఊరుకోకండి. వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. కొన్ని సంజ్ఞలు వచ్చాయి కదా అని పరీక్షను వాయిదా వేయకూడదు.

9.9 సారాంశం

శిశువు చేయి నోటి కంటే ముందే భాషకు సిద్ధమవుతుంది. వినికిడి ఉన్న శిశువుకు నేర్పే సంజ్ఞలు మాటలను ఆలస్యం చేయవు, వేగవంతమూ చేయవు. బిడ్డను గమనించే అలవాటును పెద్దలకు నేర్పుతాయి. వినికిడి లోపం గల శిశువుకు మాత్రం సంజ్ఞా భాష తొలి నెలల నుంచే అందవలసిన భాష. వినికిడి యంత్రం, ఇంప్లాంట్, నోటిమాట శిక్షణ దానితో కలిసి సాగవచ్చు. రేపు మీరు ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేసేటప్పుడు ఎవరో ఒక తల్లి "సైగలు నేర్పితే మా బాబు మూగవాడైపోతాడా?" అని అడగవచ్చు. ఆమెకు మీరు చెప్పే జవాబు మీద ఒక బిడ్డ తొలి భాష ఆధారపడి ఉంటుంది.

9.10 ముఖ్య పదాలు

కాక్లియర్ ఇంప్లాంట్: లోపలి చెవిలో అమర్చి, శ్రవణ నాడికి విద్యుత్ సంకేతాలు పంపే పరికరం.
ముద్దు పలుకులు: అర్థం లేకుండా శిశువు పదేపదే చేసే ధ్వనులు లేదా చేతి కదలికలు.
1-3-6 నియమం: నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సహాయం.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వినికిడి ఉన్న శిశువులకు సంజ్ఞలు నేర్పడంపై జరిగిన పరిశోధనలను సమీక్షించండి.
2. వినికిడి లోపం గల శిశువుకు సంజ్ఞా భాష ఆవశ్యకతను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సైగ మాటకు దారి వేస్తుందన్న అభిప్రాయాన్ని ఉదాహరణలతో సమర్థించండి.
2. మిలాన్ తీర్మానం, దాని పర్యవసానాలు రాయండి.

III. అభ్యాసం
మీకు తెలిసిన ఇంట్లో 8 నుంచి 14 నెలల శిశువును తల్లిదండ్రుల అనుమతితో ఒక గంటసేపు గమనించండి. శిశువు చేసిన సైగలను, వాటికి పెద్దలు స్పందించిన తీరును పట్టికగా రాయండి.